మసక వెలుగులో కెమేరా కన్ను

(మహిళల కార్యక్రమంలో చదివిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఫోటోలు తీయటం ఒకప్పుడు మగవాళ్ళ పనిగా ఉండేది. కెమేరా బీరువాలో తాళం వేసి ఉండేది. రీలుకు ముప్ఫయ్యారు బొమ్మలే కనుక లెక్క చూసుకుని తీసేవారు. ఇప్పుడు రోజులు మారాయి. చంటివాడి మొదటి అడుగు మొదలుకొని మామగారి షష్టిపూర్తి దాకా కెమేరా పట్టుకుని నిలబడేది చాలా ఇళ్ళలో ఇల్లాలే.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. మన ఇళ్ళలో ముఖ్యమైన ఘట్టాలు పట్టపగలు ఎండలో జరగవు. పెళ్ళి ముహూర్తం ఏ అర్ధరాత్రో, తెల్లవారుజామునో ఉంటుంది. బొమ్మల కొలువు పేరంటం సంధ్యవేళ. దీపావళి ప్రమిదల వెలుగు చీకటి పడితేగాని కనిపించదు. పసిబిడ్డ నిద్రపోయే గదిలో చిన్న బెడ్‌లైటు తప్ప మరేదీ ఉండదు. ఫ్లాష్ వేద్దామా అంటే బిడ్డ ఉలిక్కిపడుతుంది, దీపపు కాంతిలోని అందం కాస్తా పోతుంది. వేయకుండా తీస్తే ముక్కు స్పష్టంగానూ కళ్ళు మసకగానూ వస్తాయి. తల్లి కన్నీళ్ళతో కూతుర్ని అప్పగించే ఆ క్షణాన్ని మళ్ళీ ఒకసారి జరిపించమని ఎవరినీ అడగలేం కదా!

ఈ ఇబ్బందికి మందుగా ఈనాటి కెమేరాలలో ‘కన్ను పట్టే ఫోకస్’ అనే సదుపాయం వచ్చింది. అంటే మనిషి ముఖంలో కన్ను ఎక్కడున్నదో కెమేరాయే వెతికి, దానిమీద చిన్న చతురస్రం గీసి, అక్కడికి ఫోకస్ సరిచేస్తుంది. కెమేరా తనంతట తాను ఫోకస్ చేసుకోవటం కొత్త సంగతి కాదు. 1977లో కోనికా కంపెనీ చిన్న కెమేరా ఒకటి ఆ పని చేసింది. 1985లో మినోల్టా 7000 వచ్చి పెద్ద కెమేరాలలోనూ అది మామూలు చేసింది. కన్ను వెతకటం మాత్రం ఈ పదిహేనేళ్ళ ముచ్చట. 2019 నాటికి కుక్కల కళ్ళు, పిల్లుల కళ్ళు కూడా పట్టే కెమేరాలు బజారులోకి వచ్చేశాయి.

ఇంత తెలివైన యంత్రం మసక వెలుగులో మన అవసరానికి ఎంతవరకు పనికివస్తుంది? అట్టపెట్టె మీది అంకెలు చూసి ఇది చెప్పలేం. ఇంట్లోనే ఒక సాయంత్రం కూర్చుని పరీక్షించుకోవచ్చు. ఆ పద్ధతి చెప్పటానికే ఈనాటి ప్రసంగం.

ముందుగా కెమేరా చేసే పని ఏమిటో చూద్దాం. అది నిజానికి రెండు పనులు. మొదటిది, కన్ను ఎక్కడుందో గుర్తుపట్టటం. వేలకొలది ముఖాల బొమ్మలు చూపించి తయారుచేసిన గణితం ఈ పని చేస్తుంది. రెండవది, ఆ కన్ను ఎంత దూరంలో ఉందో కొలిచి లెన్సును కదపటం. మీ చూపుడు వేలు ముఖానికెదురుగా పెట్టి, ఒక కన్ను మూసి, తరువాత రెండవ కన్ను మూసి చూడండి. వేలు పక్కకు గెంతినట్లు కనపడుతుంది. కెమేరా కూడా లెన్సు ఎడమవైపు నుంచి వచ్చిన వెలుగునూ, కుడివైపు నుంచి వచ్చిన వెలుగునూ పోల్చి చూస్తుంది. రెండూ సరిగ్గా కలిస్తే ఫోకస్ కుదిరినట్లు.

వెలుగు తగ్గినకొద్దీ ఈ రెండు పనులూ కష్టమవుతాయి. బొమ్మలో రవ్వ చల్లినట్లు చుక్కలు లేస్తాయి. బియ్యంలో ఇసుక కలిస్తే ఏది నూక, ఏది ఇసుక అని మనం కళ్ళు చికిలించుకుంటామే, అదే అవస్థ కెమేరాదీను. పైగా చీకట్లో చాలా కెమేరాలు సెకనుకు చూసే చూపుల సంఖ్య తగ్గించుకుంటాయి. అంచేత పరుగెత్తే పిల్లవాడి కంటిమీద కనిపించే చతురస్రం, వాడి కన్ను ఒక క్షణం కిందట ఉన్న చోటు మాత్రమే కావచ్చు. చతురస్రం కంటిమీద పడినంత మాత్రాన కన్ను స్పష్టంగా వచ్చినట్లు కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే సగం పరీక్ష అయినట్లే.

ఇక పెట్టె మీది అంకె సంగతి. ఉదాహరణకు 2018లో వచ్చిన కెనాన్ ఇ.ఓ.ఎస్. ఆర్ కెమేరా మైనస్ 6 ఈవీ వరకు ఫోకస్ చేయగలదని ప్రకటించారు. ఈవీ అనేది వెలుగు కొలత. ఒక్కొక్క అంకె తగ్గితే వెలుగు సగమవుతుంది. మన భాషలో చెప్పాలంటే, మైనస్ 6 అనేది సుమారు 5 మీటర్ల దూరాన వెలిగే ఒక్క కొవ్వొత్తి వెలుగు. పున్నమి వెన్నెల కంటే తక్కువే. వినటానికి గొప్పగా ఉంది. కాని ఆ లెక్క ఎఫ్ 1.2 అనే, ఖరీదైన, వెలుగు బాగా లోపలికి రానిచ్చే లెన్సుతో వేసినది. ఎఫ్ 4 లెన్సు తగిలిస్తే లోపలికి వచ్చే వెలుగు దానిలో పదకొండో వంతు మాత్రమే. అదీగాక, అది ఫోకస్ పనిచేసే హద్దు గురించి చెప్పిన అంకె. తల వంచుకున్న పెళ్ళికూతురి కన్ను దొరుకుతుందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

సరే, పరీక్షకు వద్దాం. కావలసిన సరంజామా కొంచెమే. ఒక కుర్చీ, ఒక స్టూలు, షేడు లేని టేబులు లైటులో 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు, ఒక కొవ్వొత్తి, కొలిచే టేపు, ఒక నోటుపుస్తకం. ఇంకా ఓపికగా కూర్చునే మనిషి ఒకరు. ఆ మనిషి ముక్కుపుడక, చెవులకు దుద్దులు పెట్టుకుంటే మరీ మంచిది. ఎందుకో తరువాత చెబుతాను. బొమ్మను గాని, క్యాలెండరును గాని కూర్చోబెట్టవద్దు. నిజమైన మనిషి రెప్ప వేస్తుంది, ఊపిరి పీలుస్తుంది. పరీక్ష దానికే.

కుర్చీని గోడకు ఆనించి, ఆ మనిషిని తల గోడకు ఆన్చి కూర్చోమనండి. మీరు మీటరున్నర దూరంలో కూర్చుని ఆ దూరం మార్చకండి. లెన్సు రంధ్రం పూర్తిగా తెరవండి. అంటే ఎఫ్ అంకె ఎంత చిన్నది వీలయితే అంత పెట్టండి. షట్టరు సెకనులో 125వ వంతు పెట్టి, ఐ.ఎస్.ఓ. కెమేరాకే వదిలేయండి. ఫోకస్‌కు సాయంగా వెలిగే చిన్న ఎర్రదీపం ఉంటే దాన్ని ఆపేయండి.

మొదటి విడత పగలే చేయండి. కిటికీ వెలుగులో 20 ఫోటోలు. ప్రతి ఫోటోకు ముందు దగ్గరలో ఉన్న గ్లాసు మీదకు ఫోకస్ మళ్ళించి, మళ్ళీ ముఖం వైపు తిప్పండి. లేకపోతే కెమేరా మొదటి ఫోకస్‌నే పట్టుకుని కూర్చుంటుంది, పరీక్ష చేసినట్లు కాదు. పగటి వెలుగులోనే ఫోటోలు చాలావరకు తప్పుతుంటే లోపం చీకటిది కాదు. అప్పుడు కెమేరాను, కొన్న దుకాణం వారు తిరిగి తీసుకునే గడువులోగా చూపించుకోవాలి.

చీకటి పడ్డాక తలుపులు, తెరలు వేసి మిగతా లైట్లు ఆపేయండి. స్టూలు మీద లైటును మనిషి ముఖానికి ఏటవాలుగా 1 మీటరు దూరంలో పెట్టి 20 ఫోటోలు తీయండి. తరువాత 2 మీటర్లకు జరిపి 20. ఆపైన 4 మీటర్లకు జరిపి 20. దూరం రెట్టింపయితే ముఖం మీద పడే వెలుగు నాలుగోవంతవుతుంది. తెల్లగోడల నుంచి కొంత తిరిగి వస్తుంది కనుక లెక్క ఖచ్చితంగా కుదరదు, అయినా మన పనికి చాలు. చివరి విడత ఒక్క కొవ్వొత్తి, 1 మీటరు దూరంలో. కొవ్వొత్తి వెలిగించినపుడు చీరచెంగులు, కిటికీ తెరలు, పిల్లలు దూరంగా ఉండేలా చూసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

మొత్తం నూరు ఫోటోలు అవుతాయి. వాటిని పెద్దవి చేసి చూసి నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. చతురస్రం కన్ను పట్టిందా? కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనపడుతున్నాయా? కదిలినట్లుందా? మొదటిదానికి జవాబు ఫోటో తీసేటప్పుడే టిక్కు పెట్టుకోవాలి. మిగతా రెండూ తరువాత చూడవచ్చు.

ఇక్కడ ముక్కుపుడక, దుద్దులు పనికివస్తాయి. ముక్కుపుడక కంటికి ముందు ఉంటుంది, దుద్దు వెనక ఉంటుంది. రెప్పలు మసకై ముక్కుపుడక తళుక్కుమంటే ఫోకస్ ముందు పడింది. దుద్దు రాయి స్పష్టంగా ఉంటే వెనక పడింది. అన్నీ ఒకే వైపు సాగినట్లుంటే ఫోకస్ తప్పు కాదు, చెయ్యో మనిషో కదిలారు. అంచులు బాగానే ఉండి రవ్వ చల్లినట్లుంటే అది వెలుగు తక్కువ దోషం. ఈ భేదం తెలియక చాలామంది ఫోకస్‌ను నిందించి, మరింత ఖరీదైన కెమేరా కొనాలని ఇంట్లో పోరు పెడతారు. పెద్ద సెన్సరు కెమేరాలో 50 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 1.8 వద్ద ఉంచి, మీటరు దూరం నుంచి తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు సుమారు 4 సెంటీమీటర్లే. అంత సన్నని పొరలో కన్ను పడాలి మరి!

ఇంకొక చిన్న విడత చేయండి. ఆ మనిషిని కుర్చీలోంచి లేచి మీ వైపు రెండడుగులు వేయమనండి. తల వంచమనండి. కళ్ళజోడు పెట్టుకోమనండి. ముఖానికి అడ్డంగా పూలదండ పట్టుకోమనండి. పెళ్ళిలో జరిగేవి ఇవే కదా. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు తలలు వంగి ఉంటాయి, రెప్పలు వాలి ఉంటాయి, నుదుట బాసికం, ఎదురుగా పూలు. కెమేరాకు కన్ను కనిపించనే కనిపించదు. అది కెమేరా తప్పు కాదు.

నూరు ఫోటోలు చూశాక మీకు ఒక హద్దు తెలుస్తుంది. రెండు మీటర్ల దాకా ఇరవైకి పద్ధెనిమిది బాగున్నాయి, నాలుగు మీటర్ల దగ్గర పదే బాగున్నాయి అనుకోండి. మీ కెమేరాకు, మీ లెన్సుకు, మీ చేతికి ఆ రెండు మీటర్ల వెలుగే హద్దు. పెట్టె మీది అంకె ఎంతయినా కానివ్వండి.

కొవ్వొత్తి విడత మరొక సంగతి కూడా చెబుతుంది. ఒక్క కొవ్వొత్తి మీటరు దూరంలో ఉంటే ముఖం మీద పడేది సుమారు 1 లక్స్. ఆ వెలుగులో ఎఫ్ 1.8తో, సెకనులో 125వ వంతులో తీయాలంటే ఐ.ఎస్.ఓ. దాదాపు లక్ష కావాలి. ఫోకస్ కుదిరినా బొమ్మ నిండా ఇసుకే. అంటే చాలాసార్లు కన్ను పట్టే శక్తి అయిపోకముందే బొమ్మ నిలిచే శక్తి అయిపోతుంది. అంచేత మరింత చీకట్లో చూడగల కెమేరా కోసం డబ్బు పోయటం కంటే, ముఖం మీదకు కాస్త వెలుగు తేవటం మేలు.

అది ఎట్లా? దీపాన్ని సగం దూరానికి జరిపితే వెలుగు నాలుగింతలవుతుంది. పక్క గదిలో లైటు వేసి తలుపు ఓరగా తెరవండి. ముఖానికి రెండోవైపు ఎవరిచేతనయినా తెల్ల దుప్పటి పట్టించండి. కెమేరాతో వచ్చే జూము లెన్సు దూరపు కొసన ఎఫ్ 5.6 అయితే, ఎఫ్ 1.8 లెన్సు దానికి దాదాపు పదింతల వెలుగు రానిస్తుంది. కొనదలచుకుంటే ముందుగా అది కొనుక్కోవచ్చు. ఎల్.ఇ.డి. బల్బుల కింద ఫోటోలో చారలు వస్తుంటే షట్టరు సెకనులో 100వ వంతుకో, 50వ వంతుకో మార్చి చూడండి. కన్ను దొరకనపుడు పట్టుదలకు పోకుండా, ఫోకస్ చతురస్రాన్ని చిన్నది చేసి బొట్టు అంచు మీద పెట్టండి. బొట్టు కంటికి దాదాపు సమానమైన లోతులో ఉంటుంది, అంచు స్పష్టంగా ఉంటుంది, రెప్ప వాల్చదు!

మొబైలు ఫోనుతో తీసేవారు కూడా ఇదే పరీక్ష చేసుకోవచ్చు. రాత్రి ఫోటోల సదుపాయం పెట్టినపుడు ఫోను ఒక క్షణంపాటు అనేక బొమ్మలు తీసి కలుపుతుంది. కూర్చున్న అమ్మమ్మకు అది బాగుంటుంది, పరుగెత్తే మనవడికి పనికిరాదు.

శుభకార్యానికి వారం ముందు వంటసామాను సరిచూసుకుంటాం, పట్టుచీర మడతలు విప్పి చూసుకుంటాం. అలాగే కెమేరాను కూడా ఒక సాయంత్రం, రేపు మీరు ఫోటో తీయబోయే వెలుగులోనే కూర్చోబెట్టి చూడండి. ఆ నోటుపుస్తకం కాగితం కెమేరా సంచిలోనే ఉంచుకోండి. ఆ రోజున మంటపంలో, ‘ఆ లైటు కొంచెం ఇటు జరపండి బాబూ’ అని ధైర్యంగా చెప్పగలుగుతారు.