మలివయసున క్రొత్తయిల్లు

పిల్లలు అమెరికాలో నుండగా, ఉద్యోగము విరమించి తెనాలి, బాపట్ల, రేపల్లెలలో క్రొత్తయిండ్లు కొని స్థిరపడువా రెందఱో కలరు. మూడూళ్లకును రైలున్నది, పెద్దలకది మేలే.

2014లో అమరావతి రాజధాని యనగానే ఆ చుట్టుపట్ల స్థలముల వెలలు మిన్నుముట్టినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట పుట్టగా బేరములు మందగించినవి. అమ్మకము మందగించిన కట్టుబడిదారుడు బయానాకు తొందరపెట్టును. మా మిత్రుడొకడు పింఛను సొమ్మంతయు ముందే ముట్టజెప్పెను. గోడలు లేచినవి, కప్పు పడలేదు!

2016 నాటి స్థిరాస్తి చట్టము ననుసరించి, ఒడంబడిక రిజిస్టరు కాకమునుపు వెలలో పదియవవంతునకు మించి పుచ్చుకొనరాదు. కొన్నవారి సొమ్మున నూటికి 70 వంతులు వేరుఖాతాలో నుంచి, ఆ స్థలమునకును కట్టడమునకునే వెచ్చింపవలెను. ఎనిమిది యిండ్లకు మించని కట్టడములకు ఆ చట్టముక్రింద నమోదు అక్కఱలేదు. అట్టిచోట తాళపుచెవి చేతబడిన పిమ్మటనే కడపటి రూపాయి యిండు.