ప్రథమ చికిత్స - గృహస్థధర్మము



ఈ వార్షిక మహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. బడిపంతులునకు విద్యకంటె ప్రియమైన విషయము వేరొకటి యేమి కలదు? నేడు నేను ప్రస్తావింపదలచిన విద్యకు పరీక్షలు లేవు, పట్టములు లేవు. ఒక్క దినములో దాని మూలసూత్రములు నేర్వవచ్చును. అది జీవితమున నొక్కమారే యుపయోగపడవచ్చును. ఆ యొక్కమారు ఒక సంసారమును నిలువబెట్టును. అదియే ప్రథమ చికిత్స.

వైద్యశాలలు పెరిగినవి గదా, 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదునందు ప్రారంభమైన 108 వాహనముల యేర్పాటు నేడు ఉభయ తెలుగు రాష్ట్రములకును సుపరిచితమై యున్నది గదా, సామాన్యునకీ శ్రమ యేల యని మీరడుగవచ్చును. సమాధానము కాలగణనయందే యున్నది. గుండె యాగిన పిదప నాలుగైదు నిమిషములలోనే మెదడునకు హాని యారంభమగును. ఏ సాయమును లేక గడచు ఒక్కొక్క నిమిషమునకు, బ్రదుకు నవకాశము ఇంచుమించు నూటికి 7 మొదలు 10 పాళ్లు తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. వాహనమెంత వేగముగ వచ్చినను నాలుగు నిమిషములలో మన వాకిట నిలుచుట యరుదు. ఆ నడిమి కాలమును నింపగలవాడు ప్రక్కనున్న మనుష్యుడొక్కడే.

ఇది కేవలము పరదేశీయుల విద్య యని తలపవలదు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున సద్యోవ్రణములకై ప్రత్యేకముగ నొక యధ్యాయము గలదు. శారీరస్థానమున 107 మర్మములు చెప్పబడినవి; హృదయము సద్యఃప్రాణహర మర్మములలో జేర్పబడినది. మరి మూడు మర్మములకు విశల్యఘ్నములని పేరు. గ్రుచ్చుకొనిన శల్యము అచ్చట నున్నంతవరకు మనుష్యుడు జీవించును. పెరికినంతనే మరణించునని తాత్పర్యము. దేహమున లోతుగ దిగిన కత్తినిగాని యినుపకమ్మినిగాని లాగరాదు, కదలకుండ జుట్టును గుడ్డ లమర్చి వైద్యశాలకు గొనిపోవలయునని నేటి శిక్షకులును బోధించుచున్నారు. లాగినచో అడ్డు తొలగి రక్తము వెల్లువయగునని వారు చెప్పు కారణము. కారణములు వేరైనను హెచ్చరిక యొక్కటియే.

అయినను న్యాయము పలుకవలయును. ఆగిన గుండెను ఱొమ్ముపై నొత్తి రక్తప్రసారము సాగించు నేటి విధానము మన గ్రంథములనుండి వచ్చినది గాదు. దానిని 1960వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరునందలి జాన్స్ హాప్‌కిన్స్ సంస్థకు జెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు ప్రకటించిరి. వారిలో మొదటివాడు వైద్యుడు గాడు. విద్యుచ్ఛాస్త్రమందు నిపుణుడైన యింజనీరు. ఎచ్చటినుండి వచ్చినను మంచివిద్యను స్వీకరించుట పండితలక్షణము.

విధానమును సంగ్రహముగ విన్నవించెదను. పడినవాని భుజములు తట్టి బిగ్గరగ బిలువుడు. పలుకక, ఊపిరి సరిగా దీయక యున్నచో వెంటనే యొకరిని 108కి ఫోను చేయనిండు. అప్పుడప్పుడు నోరు తెరచి యెగశ్వాస దీయుటను ఊపిరియని భ్రమపడరాదు. గట్టినేలపై వెల్లకిల బరుండబెట్టి, ఱొమ్ము నడిమి యెముక దిగువసగముపై నొక యరచేతి మడమను, దానిపై రెండవ చేతిని నుంచి, మోచేతులు వంపక నొత్తవలయును. పెద్దవారియందు లోతు 5 సెంటీమీటర్లకు తగ్గక, 6కు మించక యుండవలయును. నిమిషమునకు 100 మొదలు 120 మారులు. తాళము తప్పని భజనపరునకిది కష్టము గాదు. ఒత్తిన ప్రతిమారును ఱొమ్మును పూర్తిగ పైకి లేవనీయవలయును. శిక్షణ పొందినవారు 30 ఒత్తులకు 2 ఊపిరుల చొప్పున నూదుదురు. పొందనివారు ఒత్తుట యొక్కటియే మానక సాగించినను మేలే. రెండు నిమిషములకొకమారు చేతులు మారినచో బలము తగ్గదు. నీట మునిగినవారికి ఊపిరి యూదుట అత్యావశ్యకము. పసిబిడ్డల విధానము వేరు; శిక్షకుని యెదుట నేర్వవలయును.

చేయదగినది తెలియుట యెంత ముఖ్యమో, చేయరానిది తెలియుటయు నంతే. మూర్ఛ వచ్చినవాని చేత తాళపుచెవుల గుత్తి పెట్టుదుము; దానివలన ప్రయోజనము లేదు. నోట నేదియు బెట్టక, చుట్టునున్న గట్టివస్తువులు తొలగించి, వణకు తగ్గినపిదప ప్రక్కకు ద్రిప్పి పరుండబెట్టవలయును. కాలినచోట సిరాయు నేయియు బూయరాదు. 20 నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచవలయును. పాము కరచినచోట కోయరాదు, నోట బీల్చరాదు, త్రాటితో బిగింపరాదు. కరచిన యవయవమును గదలనీయక, మంత్రగానికై వేచియుండక, విషమునకు విరుగుడుమందు గల యాసుపత్రికి జేర్పవలయును. విద్యుత్తు పట్టినవానిని మీట కట్టివేయక ముందు తాకరాదు.

ఒక వివాహమున జరిగిన సంగతి చెప్పెదను. భోజనముల వేళ వధువు మేనమామ కుప్పగూలెను. ఇన్నూరుమంది మూగిరి. ఒకరు నీళ్లు చల్లిరి, ఒకరు విసరిరి, ఒకరు సోడా తెచ్చిరి, కొందరు కారు తెప్పించిరి. ప్రేమకు కొఱత లేదు. పరుగులకు కొఱత లేదు. ఆయన ఱొమ్ముపై చేయి వేసినవారు మాత్రమొక్కరును లేరు. ఆసుపత్రికి జేరునప్పటికే ప్రాణము పోయెను. చేయి వేసిన తప్పక బ్రదికెడివాడని నేననను. ఆయనకు దక్కవలసిన అవకాశము దక్కలేదని మాత్రమందును.

కొందరు భయమున వెనుదీయుదురు. సాయపడినచో ఠాణాచుట్టును కోర్టుచుట్టును దిరుగవలసివచ్చునని శంక. రోడ్డు ప్రమాదములలో సాయపడినవారి రక్షణకై సుప్రీముకోర్టు 2016లో మార్గదర్శకములను ధ్రువపరచెను. 2019 మోటారువాహనముల సవరణచట్టమున 134ఏ విభాగము చేర్పబడెను. సద్భావమున సాయపడినవానిని దావాలనుండి యది కాపాడును. మరికొందరు పరస్త్రీని తాకుటెట్లని సంకోచింతురు. ప్రాణాపాయమున ఆ సంకోచమునకు తావు లేదు. అందుచేతనే మన సోదరీమణులును ఈ విద్య నేర్వవలయునని నా ప్రార్థన. ఇక తాకదగినవాడా కాదా యను ప్రశ్న యున్నది. మనము కులము పేరిట సమావేశమైన మాట నిజమే. అయినను వీథిలో పడినవాని కులమడుగుటకు గుండె గడువీయదు. రేపు మనవాడు పరాయి యూరిలో గూలినపుడు ఱొమ్మునొత్తు చేయి ఎవరిదో మనమడుగబోము.

మహారాజపోషకులారా! మీ యౌదార్యమువలన సత్రములు, విద్యార్థివసతిగృహములు వెలయుచున్నవి. వానికి మరొక్క గోడ కట్టించుటకు ముందు ఒక్క పని చేయుడు. 1920లో నేర్పడిన భారత రెడ్‌క్రాసు సంఘమువంటి సంస్థలు ఈ శిక్షణ నిచ్చుచున్నవి. మన వసతిగృహమునందలి ప్రతివిద్యార్థికిని, వంటవారికిని, కల్యాణమండపముల కాపలాదారులకును, కార్లు నడపువారికిని ఏటేట నొక దినము శిక్షణ నిప్పింపుడు. నేర్చినది మఱపునకు వచ్చును గనుక ఏటేట యనుచున్నాను. అన్నదానము ఆకలిగొన్నవానికి, విద్యాదానము అజ్ఞానికి, ఈ దానము ఇంకను దాత యెవరో, గ్రహీత యెవరో తెలియనిది. అటువంటి దానమే నిష్కామము.

వచ్చు మహాసభకు వచ్చువారిలో ఇంటికొక్కరైనను ఈ విద్య నేర్చి రావలయునని ప్రార్థించుచున్నాను.