ఒక్క డిమాండ్‌కు వేసే ఓటు: గెలిచిందెప్పుడు, ఆగమైందెప్పుడు?

(హన్మకొండలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలు దగ్గరికొచ్చినప్పుడల్లా మన దగ్గర ఒక పంచాయితీ నడుస్తది. విద్యార్థులు అంటరు: "రెండు పెద్ద పార్టీలు మన మాట వినయి. మన డిమాండ్ మీద నిలబడ్డ మూడో మనిషికి ఓటేద్దాం." ఉద్యోగులు అంటరు: "గెలవనోనికి వేస్తే ఓటు మోరీల వేసినట్టే. ఓట్లు చీలి మనకు గిట్టనోడే గెలుస్తడు." రెండు మాటల్లోనూ నిజం ఉన్నది. కానీ ఈ పంచాయితీని ఉత్త వాదనలతో తెంపుకోవలసిన అవసరం మనకు లేదు. ఒక్క డిమాండ్ మీద, పెద్ద పార్టీలను పక్కకు పెట్టి ఓటేసిన అనుభవం మనకు 1971 నుంచి ఉన్నది. ఆ లెక్కంతా ఒకసారి ముందట పెట్టుకుందాం.

1971: గెలిచిన ఓటు, కరిగిపోయిన పార్టీ

1969 ఉద్యమం మీద తుపాకులు పేలినయి. 369 మంది అమరులయిన్రని ఉద్యమం చెప్పుకునే లెక్క. ఆ నెత్తురు ఆరకముందే 1971 మార్చిలో లోక్‌సభ ఎన్నికలు వచ్చినయి. దేశమంతా ఇందిరాగాంధీ గాలి. గరీబీ హటావో నినాదంతో ఆమె పార్టీకి 352 సీట్లు వచ్చినయి. అసొంటి గాలిలో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 చోట్ల తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. మన వరంగల్ నుంచి ఎస్.బి. గిరి గెలిచిన్రు. ఓటు మోరీల పడ్డదని ఎవరన్నా అనగలరా? ఓటరు తన పని తాను ఖరాఖండిగా చేసిండు.

మరి ఏమైంది? అదే ఏడాది సెప్టెంబర్‌లో ప్రజా సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. బ్రహ్మానందరెడ్డి దిగిన్రు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయిన్రు. మనం అడిగింది రాష్ట్రం, మనకిచ్చింది ముఖ్యమంత్రి మార్పు. ముల్కీ నిబంధనలు చెల్లుతయని 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 1973 నాటి ఆరు సూత్రాల పథకంతో ఆ నిబంధనలు కూడా పోయినయి.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలె. 352 మంది ఉన్న పార్టీకి మన 10 మందితో అవసరం లేదు. గెలిచినా బేరమాడే బలం లేదు. ఇది మొదటిది. రెండోది ఇంకా ముఖ్యం. పార్టీని కలిపేస్తుంటే ఆపి అడిగే నిర్మాణం పార్టీ బయట జనం చేతిలో లేదు. ఓటు మనది, దాని మీద సంతకం మాత్రం నాయకులది అయింది.

1998: ఓటు ఒకరికి, తాళం ఇంకొకరికి

1997లో కాకినాడలో భారతీయ జనతా పార్టీ తెలంగాణకు అనుకూలంగా తీర్మానం చేసింది. ఒక ఓటు, రెండు రాష్ట్రాలు అన్నది. ఆనాటికి మన రాష్ట్రంలో అది మూడో పార్టీయే. 1998లో రాష్ట్రం మొత్తం మీద 4 లోక్‌సభ స్థానాలు గెలిచింది. తర్వాత తెలుగుదేశంతో పొత్తు పెట్టుకున్నది. 1999లో తెలుగుదేశానికి 29 మంది ఎంపీలు వచ్చిన్రు, ఢిల్లీ ప్రభుత్వం ఆ మద్దతు మీద ఆనుకున్నది. 2000 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్, ఉత్తరాంచల్, జార్ఖండ్ వచ్చినయి. తెలంగాణ రాలేదు. అప్పుడు నేర్చుకున్నది ఇది: మూడో పార్టీకి ఓటేసే ముందు దాని మ్యానిఫెస్టో ఒక్కటే చదివితే సరిపోదు. రేపు అది ఎవరి మీద ఆధారపడి బతుకుతదో కూడా చూడాలె.

2004 నుంచి 2009: అందరూ జై తెలంగాణ అన్న కాలం

2001 ఏప్రిల్ 27న టీఆర్‌ఎస్ పుట్టింది. 2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని 26 అసెంబ్లీ, 5 లోక్‌సభ స్థానాలు గెలిచింది. యూపీఏ కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ మాట చేరింది. కానీ ఎట్ల చేరింది? సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం సాధించి, తగిన సమయంలో పరిశీలిస్తమన్నరు. ఆఫీసులో ఫైలు నడిపే ఉద్యోగికి ఆ మాట అర్థం వేరే చెప్పనక్కర లేదు. తారీఖు లేని హామీ, బాధ్యుడు లేని హామీ.

2008లో 16 మంది ఎమ్మెల్యేలు, 4 గురు ఎంపీలు రాజీనామా చేసి మళ్లీ జనం ముందటికి వచ్చిన్రు. 7 అసెంబ్లీ, 2 లోక్‌సభ స్థానాలే నిలిచినయి. మన జిల్లాలోనే చూడండి: హన్మకొండ లోక్‌సభ స్థానం టీఆర్‌ఎస్‌కు నిలిచింది, వరంగల్ స్థానం తెలుగుదేశానికి పోయింది. 2009లో మహాకూటమిలో చేరి 45 అసెంబ్లీ స్థానాలకు పోటీచేస్తే 10 వచ్చినయి.

అప్పుడు తెలంగాణ వాదం పనైపోయిందని రాసినోళ్లు చాలామంది. మేము అట్ల చూడం. 2009 నాటికి తెలుగుదేశం కూడా తెలంగాణకు సరే అన్నది. కాంగ్రెస్ కాదనలేదు. చిరంజీవి పార్టీ సామాజిక తెలంగాణ అన్నది. అందరి నోట ఒకే మాట ఉన్నప్పుడు ఓటరు దేన్నిబట్టి ఎంచుకోవాలె? పింఛన్, ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ చూసి ఎంచుకున్నడు. దాంట్ల ద్రోహమేమీ లేదు. అభ్యర్థులను విడదీయలేని డిమాండ్ మీద ఓటు కూడగట్టలేం. అంతే.

2010: షరతు పెట్టిన ఓటు

2009 డిసెంబర్ 9న ప్రకటన వచ్చింది, డిసెంబర్ 23న వెనక్కి పోయింది. అప్పటికి పరిస్థితి మారింది. కాకతీయ యూనివర్సిటీ, ఉస్మానియా యూనివర్సిటీ లేచినయి. వకీళ్లు, టీచర్లు, ఎన్‌జీవోలు, కులసంఘాలు ఎక్కడికక్కడ జేఏసీలు పెట్టుకున్నయి. ఇప్పుడు అభ్యర్థిని మాటతో తూచలేదు. రాజీనామా చేసినవా, లేదా? అదొక్కటే తూకం. అవునో కాదో తప్ప మధ్యల ఇంకో జవాబు లేదు.

2010 జూలైలో 12 స్థానాలకు ఉప ఎన్నికలు జరిగినయి. 11 టీఆర్‌ఎస్, 1 బీజేపీ గెలిచినయి. అధికారంలో ఉన్న కాంగ్రెస్‌కు, ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశానికి ఒక్కటి కూడా రాలేదు. నిజామాబాద్ అర్బన్‌లో పీసీసీ అధ్యక్షుడే ఓడిపోయిన్రు. మన వరంగల్ పశ్చిమ నుంచి దాస్యం వినయభాస్కర్ గెలిచిన్రు. ఏడాది కింద పదికి పడిపోయిన అదే పార్టీ, అదే ఓటర్లు. నడుమ మారింది ఓటు వెనుక ఉన్న కాపలా.

కానీ 2012 జూన్‌లో పరకాల మనకు ఇంకో పాఠం చెప్పింది. అక్కడ టీఆర్‌ఎస్, బీజేపీ రెండూ తెలంగాణ పేరు మీదనే నిలబడ్డయి. టీఆర్‌ఎస్ అభ్యర్థి మొలుగూరి భిక్షపతి వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కొండా సురేఖ మీద సుమారు 1,500 ఓట్లతో బయటపడ్డరు. ఇంకొన్ని ఓట్లు అటు పడితే ఉద్యమానికి కంచుకోట అనుకున్న జిల్లాలోనే ఓడిపోయేటోళ్లం. ఒక్క డిమాండ్‌కు ఇద్దరు అభ్యర్థులుంటే ఉద్యోగులు భయపడ్డ చీలిక నిజమవుతది.

ఓడిపోయే అభ్యర్థికి ఎందుకు వెయ్యాలె?

మన కాళోజీ ఎమర్జెన్సీ తర్వాత సత్తుపల్లికి పోయి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద పోటీచేసిన్రు. ఎమర్జెన్సీలో జరిగిన దాన్ని జనం ముందట పెట్టడానికి నిలబడ్డరు, ఓడిపోయిన్రు. ఆ పోటీని ఇయ్యాల్టికీ యాది చేసుకుంటున్నం.

2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 170 మందికి పైగా రైతులు పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం నామినేషన్ వేసిన్రు. మొత్తం అభ్యర్థులు 185 మంది. రైతుల్లో ఒక్కరూ గెలవలేదు. కానీ సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయిన్రు. గెలిచిన అర్వింద్ పసుపు బోర్డు తెస్తనని బాండ్ పేపర్ మీద రాసిచ్చినోళ్లు. బోర్డు ప్రకటన 2023 అక్టోబర్‌లో వచ్చింది, 2025 జనవరిలో నిజామాబాద్‌లో బోర్డు మొదలైంది. ఆలస్యంగా వచ్చింది, మద్దతు ధర ఇంకా రాలేదు. అయినా ఓడిపోయిన రైతులు గెలిచినోని చేత తమ డిమాండ్‌ను మొయ్యించిన్రు. గెలవనోనికి వేసిన ఓటు మోరీల పడుతదన్న మాట ప్రతిసారీ నిజం కాదు.

అయితే ఓటు ఒక్కటే ఎప్పుడూ చాలలేదు. జయశంకర్ సార్ ఉద్యమానికి మూడు దారులు చెప్పేటోళ్లు: భావజాల వ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ. ఓటు మూడోది. మొదటి రెండు లేకుంటే మూడోది 1971 లెక్కనే అయితది. 2010 గెలుపు వెనుక, 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె చేసిన ఉద్యోగులున్నరు, సింగరేణి కార్మికులున్నరు. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు పాసయ్యేటప్పుడు ఓటు, సమ్మె, ఊరూరి ధూంధాం, అమరుల త్యాగం అన్నీ కలిసి ఉన్నయి.

2014: తీరిన డిమాండ్‌కు వేసిన ఓటు

ఇది కొంత కటువుగా ఉంటది, అయినా చెప్పాలె. 2014 ఏప్రిల్ 30న మనం ఓటేసేనాటికి బిల్లు పాసై రెండు నెలలు దాటింది. రాష్ట్రం వచ్చేసింది. అయినా చాలామందిమి రాష్ట్రం పేరు మీదనే ఓటేసినం. 119 స్థానాల్లో టీఆర్‌ఎస్‌కు 63 వచ్చినయి. అది కృతజ్ఞత ఓటు. కృతజ్ఞతకు షరతు ఉండదు, తారీఖు ఉండదు. భూమి సంగతేంది, సర్కారు బడి సంగతేంది, కాంట్రాక్టు కొలువుల సంగతేంది, ధర్నా చేసే హక్కు సంగతేంది అని రాతపూర్వకంగా అడగవలసిన సమయం అదే. ఆ పూట దాటినంక అడిగితే, రాష్ట్రం తెచ్చినోళ్లనే నిలదీస్తరా అన్నరు.

ఫలితం అనుభవించింది ఇక్కడ కూర్చున్నోళ్లే. 2021 డిసెంబర్‌లో వచ్చిన 317 జీవోతో స్థానికత చూడకుండ సీనియారిటీ మీద జిల్లాలు కేటాయిస్తే, సొంత జిల్లా వదిలి పోయిన టీచర్లున్నరు. 610 జీవో అమలు కోసం కొట్లాడిన ఉద్యోగులు సొంత రాష్ట్రంలో స్థానికత కోసం మళ్లీ రోడ్డెక్కిన్రు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రాసి, రెండుసార్లు రద్దయిన విద్యార్థులున్నరు. 2023లో ప్రభుత్వం మారింది. మారిన ప్రభుత్వానికి కూడా తూకం ఇదే: మాట కాదు, తారీఖు.

మరి రేపు ఏం చెయ్యాలె?

ఫలానా పార్టీకి వెయ్యమని మేము చెప్పం. ఒక డిమాండ్ కోసం మూడో అభ్యర్థికి ఓటెయ్యాలా వద్దా అన్నప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి, డిమాండ్ నెరవేరిందో లేదో కంటికి కనబడుతదా? అభివృద్ధి అంటే కనబడదు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ అంటే కనబడుతది. 1980లలో అది కపూర్తలాకు పోయింది. 2014 పునర్విభజన చట్టంలో సాధ్యాసాధ్యాల పరిశీలన అన్నరు, బయ్యారం ఉక్కుకూ అదే మాట. 2023 జూలైలో కాజీపేటలో వ్యాగన్ల తయారీకి శంకుస్థాపన అయింది. కోచ్‌కు, వ్యాగన్‌కు తేడా అడిగేటోళ్లు కావాలె.

రెండు, ఆ డిమాండ్ అభ్యర్థులను విడదీస్తున్నదా? అందరూ సరే అంటే మాట వదిలి షరతు పెట్టండి.

మూడు, ఆ డిమాండ్‌కు ఒక్కరే అభ్యర్థి ఉన్నరా? ఇద్దరుంటే నామినేషన్ల ఉపసంహరణ లోపలనే కూర్చుండబెట్టి ఒక్కరిని చెయ్యాలె. కాకుంటే ఆ ఎన్నికలో ఆ దారి పట్టొద్దు.

నాలుగు, లెక్కింపు మర్నాడు ఆ మనిషిని పిలిచి అడిగే కమిటీ ఉన్నదా? పార్టీ మారితే ఇంటి ముందట కూర్చునే బలగం ఉన్నదా? ఇది లేకుంటే మొదటి మూడూ ఉన్నా దండుగ.

ఇంకొక్క మాట, ముఖ్యంగా పట్టభద్రులకు, టీచర్లకు. శాసనమండలి ఎన్నికల్లో ప్రాధాన్యత ఓటు ఉన్నది. 2021 మార్చిలో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానానికి 71 మంది పోటీపడితే, మొదటి ప్రాధాన్యతతో ఎవరూ గట్టెక్కలేదు. రోజుల తరబడి కిందోళ్లను తొలగించుకుంటూ, వాళ్ల తర్వాతి ప్రాధాన్యతలు లెక్కపెట్టి పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచినట్టు ప్రకటించిన్రు. స్వతంత్రుడు తీన్మార్ మల్లన్న రెండో స్థానంలో, కోదండరాం సార్ మూడో స్థానంలో ఉన్నరు. అక్కడ చీలిక భయం చాలా తక్కువ. 1 అంకె డిమాండ్‌కు వెయ్యండి, 2 అంకె మీ వ్యూహానికి వెయ్యండి. మీ మనిషి పోటీ నుంచి పోయినా మీ కాగితం లెక్కలోనే ఉంటది. కాకుంటే 2 వెయ్యడం మరువొద్దు. ఒక్క 1 వేసి వచ్చేస్తే, ఆ మనిషి తొలగినప్పుడు ఆ ఓటు నిజంగానే ఆగిపోతది.

అసెంబ్లీకి, పార్లమెంటుకు ఆ సౌలతు లేదు. అక్కడ ఒక్కటే గుర్తు, ఒక్కటే దెబ్బ. కాబట్టి నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితేనే మూడో అభ్యర్థి వైపు పోదాం. దొరకకుంటే ఉన్న ఇద్దరి చేత తారీఖు వేయించి రాయించుకుందాం. ఏది చేసినా కమిటీ ముందు, ఓటు తర్వాత. హాస్టల్ నుంచి ఇద్దరు, ప్రతి ఆఫీసు నుంచి ఒక్కరు ఇయ్యాలనే పేర్లు రాయండి. నోటిఫికేషన్ వచ్చినంక మొదలుపెడితే అప్పటికే టికెట్లు, బేరాలు అయిపోతయి.

1971లో మన ఓటు ఎంపీలను గెలిపించింది. 2010లో మన ఓటు డిమాండ్‌ను గెలిపించింది. రెండూ ఒకే జనం వేసిన ఓట్లు. తేడా కాపలాల ఉన్నది. ఆ కాపలా పని మనది.

జై తెలంగాణ.