రిజిస్టరులో లేని కుక్క

(కోరుట్ల పశువైద్య కళాశాల పట్టభద్రుల ఎదుట చేసిన స్నాతకోత్సవ ప్రసంగం)

తల్లిదండ్రులారా, మీలో కొందరు బీడీలు చుట్టి, కొందరు మరమగ్గాల మధ్య రాత్రిపాళీలు చేసి, కొందరు మస్కట్‌లోనో దుబాయ్‌లోనో ఏళ్లకేళ్లు ఉండిపోయి ఈ పిల్లలను చదివించారు. ఈ పూట కూడా ఫోన్ తెరలోంచే చూస్తున్న తండ్రులున్నారని నాకు తెలుసు. ఈ పట్టాలో సగం మీది.

బిడ్డలారా, రేపటి నుంచి మీ చుట్టూ ఉండేది బర్రెలు, మేకలు, గొర్రెలు, కోళ్లు. వాటి గురించి మీకు చెప్పడానికి మీ గురువులున్నారు. నేను సింహాల గురించి, సీళ్ల గురించి, తిమింగలాల గురించి చెబుతాను. కోరుట్లలో సముద్రం ఊసెందుకని మీకు అనిపించవచ్చు. నన్ను ఆ దారి పట్టించింది ఒక ఊరకుక్క. అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గోదావరి ఒడ్డున ఒక పల్లెలో జీవాలకు పీపీఆర్ టీకాలు వేస్తున్నాం. మీకు తెలిసిందే, మేకలకూ గొర్రెలకూ ముక్కు కారి, నోరు పుండై, పారుడుతో మందకు మంద పడిపోయే రోగం. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదింటికల్లా నాలుగైదు మందలు అయిపోయాయి. మందల వెంట వచ్చిన ఒక పెద్దమనిషి తన కుక్కను చూపించాడు. "సారూ, మూడు దినాలాయె, గిట్ల కొట్టుకుంటున్నది. దీనికేమన్న సూది ఉన్నదా?" అన్నాడు. దాని కళ్ల నిండా పుసి. దవడ టకటకమంటోంది. వెనక కాలు దానంతటదే అదురుతోంది. డిస్టెంపర్ అని చూడగానే తెలిసింది. నా దగ్గర దానికి మందు లేదు, టీకా లేదు, రాసుకోవడానికి రిజిస్టరులో గడి కూడా లేదు. "కుక్కల పని మాది కాదు తాతా" అని చెప్పి తర్వాతి మందకు వెళ్లిపోయాను. ఆ నెలలో ఊళ్లో ఇంకా కొన్ని కుక్కలు చచ్చాయని, వాటిని ఏటి ఒడ్డున పడేశారని తర్వాత విన్నాను.

ఏటికి అవతల కవ్వాల్ అడవి. 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి పులుల అభయారణ్యం. అప్పుడు నేను ఆ కుక్కనూ ఈ అడవినీ కలిపి చూడలేదు. ఇప్పుడు చూడకుండా ఉండలేను.

ఎందుకో చెప్పాలంటే ముందు చుట్టరికాలు చెప్పాలి. మీరు మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రంలో మేక వెనక కాలి కీలులో ఉండే ఆస్ట్రాగలస్ ఎముకను చేతిలో పట్టుకుని చూసే ఉంటారు. పైనొక కప్పీ, కిందొక కప్పీ ఉన్నట్టుంటుంది. ఆవు, మేక, జింక, పంది, ఒంటె జాతికి ఆ ఎముకే గుర్తు. 2001లో పాకిస్తాన్‌లో దొరికిన పాతకాలపు తిమింగలాల శిలాజాల్లో, వాటికి ఇంకా కాళ్లున్న రోజుల నాటి ఎముకల్లో, సరిగ్గా ఆ రెండు కప్పీల ఆస్ట్రాగలస్ కనిపించింది. తిమింగలం, డాల్ఫిన్ మన కొట్టంలోని జంతువుకు చుట్టాలని అప్పుడు తేలిపోయింది.

ఆ కథలో మన దేశపు మనిషి ఒకరున్నారు. ఎ.రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ ప్రాంతంలో, రాజౌరీ జిల్లా కాలాకోట్ దగ్గర రాళ్లు సేకరించారు. ఒక చిన్న జంతువు పళ్లూ దవడా చూసి 1971లో దానికి ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక ఆ రాళ్లు ఇంట్లోనే ఉండిపోయాయి. చాలా ఏళ్లకు ఆయన భార్య వాటిని అమెరికా శాస్త్రవేత్త థెవిసెన్‌కు అప్పగించారు. రాయి తొలుస్తుంటే ఒక పుర్రె అనుకోకుండా పగిలి చెవి ఎముక బయటపడింది. తిమింగలాలకు మాత్రమే ఉంటుందని అనుకున్న మందమైన గోడ ఆ ఎముకకు ఉంది. 4.8 కోట్ల ఏళ్ల నాటి, పెంపుడు పిల్లంత జంతువు అది. కాళ్లకు డెక్కలు. 2007లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. భర్త పోయాక ఆ రాళ్ల మూటలను పారేయకుండా దాచిన ఆ ఇల్లాలిని నేను తరచూ తలుచుకుంటాను.

సీళ్లూ, సముద్ర సింహాలూ వేరే ఇంటివి. అవి కుక్క, పిల్లి, ఎలుగుబంటి ఉన్న మాంసాహారుల వంశానివి, కుక్క వైపు చుట్టాలు. ఒక చిన్న ముచ్చట చెబుతాను. ఇంట్లో పిల్లి పాయసం ముట్టదు, చూశారా? తీపిని పట్టే జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో ఎప్పుడో పాడైపోయింది. పులికీ తీపి తెలియదు. సముద్ర సింహంలోనూ, డాల్ఫిన్‌లోనూ అదే జన్యువు, ఎవరికి వారుగా, పాడైపోయింది. మాంసమో చేపో తప్ప ఇంకేమీ తినని ఒంటికి తీపితో పనిలేదు. ఇక దుగాంగ్ మరో ఇల్లు. సముద్రం అడుగున గడ్డి మేసే ఆ పెద్ద జంతువు ఏనుగుకు చుట్టం. ఆస్ట్రేలియా తర్వాత అవి ఎక్కువగా బతికేది గల్ఫ్ సముద్రంలోనే. కోరుట్ల, సిరిసిల్ల నుంచి అబుదాబి వెళ్లిన మన వాళ్లు పనిచేసే తీరం ముందరే దుగాంగ్‌లు మేస్తున్నాయి.

చుట్టరికం మంచికే కాదు, రోగానికి కూడా దారి. మనుషుల్లో తట్టు, పశువుల్లో రిండర్‌పెస్ట్, జీవాల్లో పీపీఆర్, కుక్కల్లో డిస్టెంపర్, సీళ్లలో సీల్ డిస్టెంపర్, డాల్ఫిన్‌లలో డాల్ఫిన్ మార్బిలీ వైరస్. ఇవన్నీ ఒకే కడుపున పుట్టినవి. మీరు పరీక్షల కోసం ఈ పేర్లు వల్లె వేశారు. ఇప్పుడు వాటిని పటం మీద పెట్టి చూడండి.

1987, 88లలో రష్యాలోని బైకాల్ సరస్సులో వేల సీళ్లు చచ్చిపోయాయి. వాటిలో దొరికింది కుక్కల డిస్టెంపరే. 1988లో ఉత్తర సముద్రంలో దాదాపు 18,000 సీళ్లు పోయాయి. అది సీల్ డిస్టెంపర్. 2000లో కాస్పియన్ సముద్రంలో మళ్లీ కుక్కల డిస్టెంపర్ వచ్చి వేల సీళ్లను తుడిచిపెట్టింది. 2013 నుంచి 2015 వరకు మార్బిలీ వైరస్ తాకిడికి అమెరికా తూర్పు తీరానికి 1,600కు పైగా డాల్ఫిన్‌లు కొట్టుకొచ్చాయి. అంటార్కిటికాలో బండ్లు లాగడానికి మనుషులు తీసుకెళ్లిన కుక్కలను 1994 నాటికి అన్ని దేశాలూ వెనక్కి పంపేశాయి. కుక్కల నుంచి సీళ్లకు డిస్టెంపర్ సోకుతుందన్న భయం అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.

అదే 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో సింహాలు వణుకుతూ, మూర్ఛలు వచ్చి పడిపోయాయి. దాదాపు వెయ్యి పోయాయి. అంటే ప్రతి మూడింటిలో ఒకటి. అడవి చుట్టూ ఉన్న పల్లెల కుక్కల్లో అప్పటికే ఆ వైరస్ తిరుగుతోంది. ఆ సింహాల ఒంట్లో డిస్టెంపర్‌తోపాటు పిడుదులు మోసుకొచ్చే బెబీసియా కూడా విపరీతంగా ఉందని తర్వాత తేలింది. కరువుకు బక్కచిక్కిన అడవిదున్నలను పిడుదులు పట్టాయి, ఆ దున్నలను సింహాలు తిన్నాయి. ఒక్క రోగమే అయితే తట్టుకునేవేమో, రెండూ కలిసి పడగొట్టాయి.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి అనుకోవద్దు. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. అక్కడా డిస్టెంపర్, అక్కడా పిడుదుల రోగం. టీకాలను హడావుడిగా అమెరికా నుంచి తెప్పించారు. ప్రపంచంలో ఆసియా సింహాలు స్వేచ్ఛగా తిరిగేది ఆ ఒక్క ప్రాంతంలోనే. అంతకు ముందే గుజరాత్‌లో చనిపోయిన ఒక సింహం కణజాలంలో మన పీపీఆర్ వైరస్ బయటపడింది. మేకల రోగం సింహం ఒంట్లో! పల్లెలో మందను కాపాడే టీకా, ఆ మందను ఎత్తుకుపోయే జంతువును కూడా కాపాడుతుందని నాకు ఆ వార్తతో తట్టింది.

నిజానికి మన వృత్తి అలా ఒకసారి అడవిని కాపాడింది. రిండర్‌పెస్ట్ 1890లలో ఆఫ్రికాలో పశువులతోపాటు అడవిదున్నలను, వైల్డ్‌బీస్ట్ మందలను ఊడ్చేసింది. సెరెంగెటి చుట్టూ ఉన్న పల్లెల ఆవులకు టీకాలు వేయడం మొదలుపెట్టాక, 1960లలో దాదాపు రెండున్నర లక్షలున్న వైల్డ్‌బీస్ట్‌లు 1977 నాటికి పదమూడు లక్షల దాకా పెరిగాయి. వాటికి ఎవరూ సూది వేయలేదు. ఊరి ఆవులకు వేశారు, అంతే. మన దేశంలో 1954లో మొదలైన ఆ పోరాటం 1995లో ఆఖరి కేసుతో ఆగింది. 2011లో రిండర్‌పెస్ట్ భూమి మీద లేదని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచేసిన రెండో రోగం అది. సైకిళ్ల మీద ఐసు పెట్టె కట్టుకుని ఊరూరా తిరిగిన మన పాత తరం పశువైద్యులు చేసిన పని అది. ఆ పెద్దల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

కుక్కకు టీకా వేస్తే అంతా సరిపోతుందని నేను చెప్పను. సెరెంగెటి చుట్టూ కుక్కలకు టీకాలు వేశాక కుక్కల్లో రోగం తగ్గింది కానీ సింహాల్లోకి వైరస్ రావడం ఆగలేదు. రష్యా తూర్పు అడవుల్లో పులులకు ఆ వైరస్ ఎక్కువగా అడవి జంతువుల నుంచే వస్తోందని తేలింది. నేల నేలకూ దారి మారుతుంది. మన నేలలో దారి ఏమిటో మీరు చూడాలి. మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పటి అహల్యానగర్) జిల్లా చెరుకు తోటల మధ్య బతికే చిరుతల ఆహారాన్ని లెక్కగడితే బరువులో 39 శాతం కుక్కలే ఉన్నాయి. సిరిసిల్ల గుట్టల అంచు పల్లెల్లో చిరుత కనిపించిందన్న కబురు వచ్చినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తొస్తుంది. చిరుత ఏం తిన్నదో అడగాలి. అది తిన్న కుక్క ఎట్లా ఉందో కూడా అడగాలి.

ఇంకో దారి నీటిది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు పెట్టేది ఒక్క పిల్లి జాతి పేగులోనే. పెంపుడు పిల్లి అయినా, అడవిపిల్లి అయినా, పులి అయినా. ఒకసారి సోకిన పిల్లి ఒకటి రెండు వారాల్లో లక్షలకొద్దీ గుడ్లను మలంలో విడుస్తుంది. తడి నేలలో అవి నెలల తరబడి బతుకుతాయి. గొర్రెలు ఈసుకుపోతే మీరు అనుమానించే వాటిలో అదొకటి. వాన ఆ గుడ్లను కాలువలోకి, కాలువ ఏట్లోకి, ఏరు సముద్రంలోకి తోస్తుంది. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కలు ఆ రోగంతో చస్తుంటే, వాటిని చంపిన రకమే దగ్గరి నేల మీది పెంపుడు పిల్లుల్లోనూ అడవిపిల్లుల్లోనూ ఉందని 2019లో చూపించారు. ప్రపంచంలో పదహారు వందల వరకే మిగిలిన హవాయి సీళ్లను కూడా అది చంపుతోంది. ఒడ్డున తిరిగే పిల్లికి తెలియకుండానే సముద్రంలో ప్రాణం పోతోంది.

మన కోరుట్ల మీద పడ్డ వాన కూడా వాగుల్లో పడి గోదావరి చేరుతుంది. ధర్మపురిలో మనం మునకలేసే నీళ్లే కాకినాడ దగ్గర కోరింగ మడ అడవుల్లోంచి బంగాళాఖాతంలోకి పోతాయి. ఆ మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది. దాని వేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది, గోళ్లు పూర్తిగా లోపలికి పోవు, మెత్తని లోపలి బొచ్చులోకి నీరు దిగదు. పిల్లి అయి ఉండీ నీళ్లలో దూకి చేపలు పడుతుంది. మన నది చిట్టచివర మన కోసం కాపలా కాస్తున్నట్టు ఉంటుంది నాకు ఆ పిల్లి. నదికి మధ్యలో ఉన్న మనం దాని కోసం ఏం చేస్తున్నామన్నదే ప్రశ్న.

మీలో చాలామంది పల్లె పశువైద్యశాలల్లో చేరతారు. అక్కడ మందులు తక్కువ, మంద ఎక్కువ. భర్త గల్ఫ్‌లో ఉంటే రెండు బర్రెలు, నాలుగు మేకలతో ఇల్లు నడిపే ఆడబిడ్డలు తెల్లారకముందే మీ గేటు దగ్గర నిలబడతారు. వాళ్ల పని ముందు చేయండి. ఆ తర్వాత, వాళ్ల వెనక నిలబడ్డ కుక్కను కూడా చూడండి. గోపాలమిత్రలకు చెప్పి, చచ్చిన కుక్కలను, మేకలను ఏట్లో వేయకుండా సున్నం చల్లి పూడ్పించండి. అడవి అంచు పల్లెల్లో రేబిస్ టీకాల రోజే డిస్టెంపర్ టీకా కూడా వేయించడానికి గ్రామపంచాయతీని, అటవీశాఖను అడగండి. కాదంటే మళ్లీ అడగండి. ఒక కుక్క దవడ అదురుతుంటే ఆ ఊరి పేరు, తేదీ రాసి పెట్టండి. నేను ఆ పొద్దు రాసి ఉంటే, కవ్వాల్ ఒడ్డున డిస్టెంపర్ ఎప్పటి నుంచి ఉందో చెప్పడానికి ఈ రోజు మన చేతిలో ఒక కాగితమైనా ఉండేది.

మీరు చేరిన మొదటి రోజు రిజిస్టరు తెరవండి. ఎద్దు, ఆవు, బర్రె, గొర్రె, మేక, కోడి. ఆ గడుల పక్కన స్కేలు పెట్టి ఇంకో గీత గీయండి. పైన "కుక్క" అని రాయండి.