కొండకు అన్నం పెట్టిన ఊళ్ళు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల స్వాతంత్ర్యోద్యమ చరిత్ర చెప్పమంటే మనవాళ్ళు సాధారణంగా 1921లో గాంధీ కడపకు రావడంతో మొదలుపెడతారు. అంతకు ముందటి సంగతి అడిగితే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు చెప్పి, ఆయన కర్నూలువాడు కదా అని ఆ గౌరవాన్ని పక్క జిల్లాకు అప్పగించేస్తారు. కానీ ఆయన తిరగబడిన 1846లో, ఆ తిరుగుబాటు రేగిన కోయిలకుంట్ల తాలూకా కడప జిల్లాలోనే ఉంది. తిరుగుబాటును అణచే పని చూసింది కడప కలెక్టరు కాక్రేన్. ఆ తాలూకా కర్నూలుకు పోయింది 1858లో. జిల్లాల గీతలు గీయకముందు ఇదంతా రేనాడు. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో ధనంజయుడి తెలుగు శాసనం వేయించిన రేనాటి చోళుల నేల ఇదే. కాబట్టి ఈ తిరుగుబాటును మన కథగా చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అయితే దాన్ని ఒక వీరుడి కథగా కాక, ఎర్రమల కింది ఊళ్ళ కథగా చదవాలని నా వాదన.

పెన్న ఎర్రమలను చీల్చుకు వచ్చిన చోట గండికోట ఉంది. అంత గట్టి కోటా 1652లో మీర్ జుమ్లాకు లొంగింది, 1791లో కెప్టెన్ లిటిల్ నడిపిన కంపెనీ సేనకూ లొంగింది. కోట నిలవాలంటే ఫిరంగులు కావాలి, మందుగుండు కావాలి, సేనకు నెలనెలా జీతం కావాలి. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి ధారపోశాక వచ్చిన కలెక్టరు థామస్ మన్రో ఎనభైమంది పాలెగాళ్ళ దగ్గర ఆ మూడూ లేకుండా చేశాడు. కొందరికి భరణం కట్టి కూర్చోబెట్టాడు. ఇక మిగిలింది కొండ. కొండకు జీతం అక్కరలేదు గానీ కొండమీద జొన్న పండదు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా కొల్లగొట్టిన మనుషులు అక్టోబరు దాకా గిద్దలూరు వైపూ నల్లమలలోనూ తిరిగారంటే, ఆ నెలలన్నీ వాళ్ళకు సంగటి ఎక్కడినుంచో రావాలి. దొరల కదలికల కబురూ ఎవరో చేరవేయాలి. సర్కారు బహుమానం ప్రకటించినా నెలల తరబడి మనిషి చిక్కలేదంటే ఊళ్ళు నోరు విప్పలేదనే అర్థం.

ఇదంతా భరణం కోసం జరిగిన పేచీ అన్నవాళ్ళు లేకపోలేదు. భరణం గొడవ ఉన్నమాట నిజమే. నరసింహారెడ్డికి వచ్చేది నెలకు 11 రూపాయల చిల్లర, నొస్సం పాలెగాళ్ళ భరణమూ ఆగిపోయింది. నాయకుడి కోపానికి అది కారణం కావచ్చు. వెంట నడిచినవాళ్ళకు భరణమే లేదు కదా! వాళ్ళలో చాలామంది కట్టుబడులు. ఊరి కాపలాకు ప్రతిఫలంగా ఇనాము చేను దున్నుకునేవాళ్ళు. కాపలా పని పోలీసులకు పోయింది, ఇనాములు సర్కారులో కలిశాయి. 1846 జూన్‌లో గూడ్లదుర్తి, కోయిలకుంట్ల, నొస్సం గ్రామాల్లో చనిపోయిన హక్కుదారుల భూములనూ లాగేసుకోవడంతో అగ్గి రాజుకుంది. వారంట్లు పుట్టింది దాదాపు వెయ్యిమంది మీద. అందులో 412 మంది విడుదలయ్యారు, 112 మందికి ఐదు నుంచి పద్నాలుగేళ్ళ శిక్ష పడింది. పదకొండు రూపాయలవాడి సొంత పరివారం వెయ్యిమంది ఉండదు.

రెండో ఆక్షేపణ ఇంకా గట్టిది. వీళ్ళకు దేశమనే ఊహే లేదు, గెలిచి ఉంటే పాలెగాళ్ళ పాలనే తిరిగి వచ్చేది అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. పాలెగాళ్ళ కింద రైతు సుఖపడ్డాడని చెప్పలేం. ఈ దండే రుద్రవరాన్ని దోచుకుంది కూడా. 1857 కన్నా పదకొండేళ్ళు ముందు కాబట్టి ఇదే ‘ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామం’ అని బోర్డులు కట్టడం నాకు రుచించదు. ముందు పుట్టినందుకే పెద్దరికం ఇవ్వడం ఆస్తి పంపకాల లెక్క. కానీ దేశమనే మాట తెలియనివాడి పోరాటం దేశచరిత్రలోకి రాదంటే, పల్నాడులో పుల్లరి కట్టబోమన్న రైతులనూ పక్కన పెట్టాల్సి వస్తుంది. అడవిలో పశువుల మేత మీద పన్నెందుకని 1921లో వాళ్ళు అడిగారు. ఆ ప్రశ్నను కాంగ్రెసు తన ఉద్యమంలో కలుపుకుంది. కట్టుబడులు తమ చేను ఎందుకు పోయిందని అడిగినప్పుడు కలుపుకోవడానికి కాంగ్రెసు లాంటిదేదీ పుట్టలేదు. రెండు ప్రశ్నల మధ్య తేడా కాలానిది.

ఇది ఊళ్ళ తిరుగుబాటన్న విషయంలో మనకన్నా కంపెనీ దొరలకే స్పష్టత ఎక్కువ. 1847 ఫిబ్రవరి 22, సోమవారం పొద్దున, కోయిలకుంట్లలో రెండువేలకు పైగా జనం చూస్తుండగా నరసింహారెడ్డిని ఉరితీశారు. భరణం పేచీ అయితే అక్కడితో దస్త్రం కట్టేసేవారు. ఆయన తలను మాత్రం అక్కడి కోటగోడ మీద 1877 దాకా, ముప్ఫై ఏళ్ళు వేలాడదీశారు. ఈలోగా కంపెనీ పోయి రాణి వచ్చింది, తాలూకా జిల్లా మారింది, ధాత కరువు వచ్చింది. తల దించలేదు. ఆ గోడ కింద నడిచిపోయేవాళ్ళు చుట్టుపక్కల పల్లెలవాళ్ళే.