సోయా పాలవిరుగుడు, అన్నము



ఆదిలాబాదు నల్లరేగళ్లలో వానకాలమున సోయాచిక్కుడు పండించుచున్నాము. పంట దాదాపు అంతయు మార్కెట్టుకే పోవును. ఆ గింజలో మాంసకృత్తులు సుమారు 40 శాతము. బియ్యములో 7, 8 శాతమే. అన్నమునకు కొరతైన లైసిన్ సోయాలో సమృద్ధిగా ఉన్నది. ఇంటికి నాలుగు కిలోలు ఉంచుకొనరాదా?

అయితే మందు పట్టించిన విత్తనము మిగిలినదని ఎన్నడును వండరాదు. ఎంత కడిగినను అది తినుటకు పనికిరాదు.

పావుకిలో గింజలు రాత్రి నానవేసి, రెండు లీటర్ల నీటితో మెత్తగా రుబ్బి వడకట్టవలెను. పాలు త్వరగా నురుగెత్తి పొంగును, కాగినవని మోసపోకుడు. సన్నసెగపై కలుపుచు మరి పది నిమిషములు మరిగించుడు. పచ్చి సోయాలో జీర్ణమునకు అడ్డువచ్చు పదార్థము ఉన్నది; బాగుగా కాగిననే అది నశించును. దించి, రెండు మూడు నిమ్మకాయల రసము నీటిలో కలిపి కొద్దికొద్దిగా పోయుడు. విరిగి తేటనీరు తేలగనే గుడ్డలో మూటగట్టి అరగంట బరువు పెట్టుడు. చైనా, జపాను దేశములవారి టోఫు ఇదియే.

దీని రుచి చప్పన. కనుక పోపు ధారాళముగా ఉండవలెను. ఉల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు వేగిన పిదప పసుపు, ఉప్పు వేసి, టోఫును చిదిమి వేయించి, చల్లారిన అన్నము కలుపుడు. పిల్లలు ఇష్టముగా తిందురు. ముక్కలు ఎర్రగా వేయించి చింతపండు పులుసులో వేసినచో పెద్దలకు నచ్చును.

పిప్పిని పారవేయకుడు. ఉడికించి జొన్నరొట్టెల పిండిలో కలుపుకొనవచ్చును.