బంగాళాఖాతం ఊపిరి
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రానికి ఇంత దూరాన, ఢిల్లీలో కూర్చుని సముద్రం కబుర్లేమిటని కొందరికి అనిపించవచ్చు. చివరలో మన యమున కూడా ఈ కథలోకి వస్తుంది. అందాకా కాస్త ఓపిక పట్టండి.

నేను నౌకాదళంలో చేరిన కొత్తలో ఒకనాటి మధ్యాహ్నం, విశాఖ తీరం దాటి చాలా దూరం వెళ్ళాక, ఎకో సౌండర్ కాగితం మీద మూడు వందల మీటర్ల దగ్గర అడుగు కనబడింది. చార్టులో చూస్తే అక్కడ లోతు రెండు వేల మీటర్ల పైచిలుకు. కంగారుపడి రిపోర్టు చేశాను. మా చీఫ్ శ్రీకాకుళం మనిషి. వచ్చి చూసి, "అది అడుగు కాదురా అబ్బాయ్. రాత్రికి అదే పైకొస్తాది, చూడు" అన్నాడు. చీకటి పడేసరికి ఆ 'అడుగు' నిజంగానే లేచి పైకి వచ్చేసింది! తెల్లవారుతుంటే మళ్ళీ దిగిపోయింది. నన్ను చూసి మెస్సులో వారం రోజులు నవ్వుకున్నారు.

ఈ దొంగ అడుగును మొదట చూసినవాళ్ళు రెండో ప్రపంచ యుద్ధంలో సోనార్ మీద పనిచేస్తున్న అమెరికా శాస్త్రవేత్తలు. 1942లో, కాలిఫోర్నియా తీరంలో. సముద్రపు అడుగు రోజూ లేచి దిగదు కదా! 1945లో మార్టిన్ జాన్సన్ అనే జీవశాస్త్రవేత్త రాత్రింబగళ్ళు పరిశీలించి, అది జీవరాశి అని తేల్చాడు. చిన్న చిన్న చేపలు, రొయ్యల జాతులు పగలంతా వేటాడే చేపల కంటపడకుండా చీకటి లోతుల్లో దాక్కుని, రాత్రికి మేతకు పైకి వస్తాయి. కొన్ని చేపల పొట్టలో ఉండే గాలితిత్తి మన పింగ్‌ను తిప్పి కొడుతుంది. ప్రాణుల కదలికల్లో భూమ్మీద ఇంతకు మించిన వలస లేదంటారు. అదీ రోజూ.

సోనార్ వాళ్ళను విసిగించేది ఇదొక్కటే కాదు. తీరం దగ్గర హైడ్రోఫోన్ పెట్టుకుంటే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒకటే మోత. అది వేలెడంత రొయ్య పని. గిట్ట ఎంత వేగంగా మూస్తుందంటే నీటిలో బుడగ పుట్టి పగులుతుంది. గిట్టలు కొట్టుకున్న చప్పుడని అనుకున్నది, నిజానికి ఆ బుడగ పగిలిన చప్పుడని 2000లో తేలింది. మన ప్రొపెల్లర్ వాళ్ళు కావిటేషన్ అనేది అదే. మేము 'నాయిస్' అని తీసిపారేసినదంతా ప్రాణమేనన్నమాట.

సరే, ఆ దొంగ అడుగు పగలు ఎంత లోతున ఆగుతుంది? వెలుతురును బట్టి అని చెప్పుకునేవాళ్ళం. 2013లో వెలువడిన ఒక అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. ప్రవాహాల వేగం కొలవడానికి పరిశోధన నౌకలకు అమర్చిన పరికరాల ప్రతిధ్వనులను ఏళ్ళ తరబడి పోగుచేసి చూస్తే, చాలా చోట్ల ఈ జీవులు ఆక్సిజన్ బాగా తగ్గిపోయే పొర అంచు దగ్గరే ఆగుతున్నాయని తేలింది. అంటే ఆ కాగితం మీద నేను చూసిన గీత కేవలం చేపల గుంపు కాదు, సముద్రం ఊపిరికి ఒక గుర్తు కూడా కావచ్చు.

ఇక మన బంగాళాఖాతం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు ఉప్పునీటి మీద మూతలా పరుచుకుంటుంది. పైనీరు, కిందినీరు సులువుగా కలవవు. పైనుంచి రాలే చచ్చిన జీవపదార్థాన్ని కుళ్ళబెడుతూ సూక్ష్మజీవులు కింద ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. సుమారు 100 నుంచి 400 మీటర్ల లోతున, దాదాపు 60 వేల చదరపు కిలోమీటర్ల మేర అది దాదాపు ఖాళీ. 'దాదాపు' అన్న మాటను కొంచెం గట్టిగా పట్టుకోండి.

2017లో భారత, డెన్మార్క్, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి ప్రచురించిన పరిశోధనలో, మామూలు పరికరాలకు సున్నాగా కనిపించే ఆ నీటిలో ఇంకా లవలేశం ఆక్సిజన్ ఉందని తేలింది. గాలి తగిలే పైనీటిలో ఉన్నదానిలో పదివేల వంతుల్లో ఒక వంతు. అరేబియా సముద్రంలో ఆ లోతుల్లో ఆ పాటి కూడా మిగలని చోట్లు ఉన్నాయి. అక్కడ సూక్ష్మజీవులు నైట్రేటును నైట్రోజన్ వాయువుగా మార్చి పోగొడుతున్నాయి. రైతు భాషలో చెప్పాలంటే చేలో వేసిన ఎరువు ఆవిరైపోవడమే. ఆ పని చేయగల సూక్ష్మజీవులు బంగాళాఖాతంలోనూ ఉన్నాయి. ఆర్డరు అందని దళంలా ఉన్నాయి. వాటిని ఆపుతున్నది ఆ లవలేశమే.

అది ఎలా మిగిలింది? నదులు తెచ్చే ఒండ్రు బరువుకు కుళ్ళే పదార్థం మధ్యలో ఆగకుండా త్వరగా అడుగుకు చేరుతుందని ఒక వివరణ. ఇంకొకటి మనవాళ్ళు చూపించింది. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కేంద్రానికి చెందిన వి.వి.ఎస్.ఎస్. శర్మ గారు, హైదరాబాదు ఇన్‌కాయిస్‌కు చెందిన టి.వి.ఎస్. ఉదయ భాస్కర్ గారు 2018లో ప్రచురించారు. గడియారం ముల్లు దిశలో తిరిగే పెద్ద సుడులు ఆ పొరలోకి ఆక్సిజన్‌ను చేరవేస్తున్నాయట. ఆర్గో ఫ్లోట్లు చెప్పిన సంగతి ఇది. మనిషెత్తు గొట్టంలాంటి ఈ ఫ్లోటు వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకు దిగి, అక్కడినుంచి పైకి వస్తూ వేడిమి, ఉప్పదనం కొలిచి ఉపగ్రహానికి చెబుతుంది. కొన్నిటికి ఆక్సిజన్ కొలిచే పరికరమూ ఉంటుంది. సెలవు అడగని సెంట్రీ!

సముద్రం లేని హైదరాబాదులో 1999లో పెట్టిన ఇన్‌కాయిస్, చేపలు దొరికే చోట్లను కూడా జాలర్లకు తెలుపుతుంది. ఉపగ్రహాలు చూపే నీటి వేడిమి, పచ్చదనం ఆధారంగా. అయితే ఇక్కడొక చిక్కుంది. ఊపిరాడని పొర పైకి జరిగితే, ట్యూనా వంటి పెద్ద చేపలు పైనున్న పల్చని నీటిలోనే ఇరుక్కుంటాయి. అట్లాంటిక్, పసిఫిక్ సముద్రాల్లో శాస్త్రవేత్తలు ఇది చూశారు. అప్పుడు వలకు, గాలానికి చేపలు సులువుగా చిక్కుతాయి. జాలరి 'ఈ ఏడు పంట బాగుంది' అనుకుంటాడు. నిజానికి ఉన్న ఇల్లు ఇరుకైపోయి అందరూ వరండాలోకి వచ్చినట్టన్నమాట.

ఇప్పుడు యమున. నజఫ్‌గఢ్ నాలా వజీరాబాద్ దగ్గర కలిశాక ఆ నీటి రంగు మీకు చెప్పక్కర్లేదు. కాళిందీ కుంజ్ దగ్గర తెల్లటి నురుగును ఛఠ్ పూజ రోజుల్లో టీవీలో చూస్తూనే ఉంటాం. ఆ నీరు ప్రయాగ దగ్గర గంగలో కలిసి బంగాళాఖాతానికే పోతుంది. దారిలో హర్యానా, యూపీ పొలాల యూరియా, ఊళ్ళ మురుగు తోడవుతాయి. మన వైపు నుంచి గోదావరి, కృష్ణ డెల్టాల ఎరువులు సరేసరి. దారిలో చాలా భాగం హరించుకుపోతుంది, నిజమే. కానీ మిగిలినది పైనీటిలో నాచును పెంచితే, అది చచ్చి కిందికి రాలి కుళ్ళితే, ఆ పదివేల వంతు ఖర్చయిపోవడానికి ఎంతో అక్కర్లేదు. వేడెక్కిన నీరు ఆక్సిజన్‌ను తక్కువగా ఇముడ్చుకుంటుంది, అది మరో దెబ్బ.

మొన్న విశాఖ వెళ్ళినప్పుడు ఫిషింగ్ హార్బరులో ఒక ముసలి జాలరిని అడిగాను, "చేప ఎలా ఉంది మావా?" అని. "ముందు ఒడ్డునే దొరికేది బాబూ, ఇప్పుడు రెండు రోజులు పోవాలి" అన్నాడు. దానికి కారణాలు చాలా ఉండవచ్చు. మరబోట్లు పెరిగాయి, వలల కన్ను చిన్నదయింది. అన్నీ ఆక్సిజన్ మీదకు నెట్టను. మా చీఫ్ ఉంటే మాత్రం ఆ కాగితం మీద గీత ఈ ఏడు ఎంత పైన ఆగుతోందో అడిగేవాడు.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే టీ దగ్గర అడగండి. ముందు ఆర్మీ వాళ్ళు. నేవీ వాళ్ళు నన్ను ఇరకాటంలో పెట్టే ప్రశ్నలే అడుగుతారు. జై హింద్.